తప్పటడుగులకు తీరంలో విడిది

రాత్రి ఎనిమిదిన్నర. రుషికొండ తీరంలో ఓ రిసార్ట్, మూడో అంతస్తు గది. ఏడాదిన్నర పాప గంటసేపు మారాం చేసి ఇప్పుడే నిద్రలోకి జారుకుంది. గదిలో లైట్లన్నీ ఆర్పేశారు. తండ్రి బాత్రూమ్ తలుపు ఓరగా తెరిచి, ఆ వెలుతురులో ప్లేటు ఒళ్లో పెట్టుకుని చప్పుడు కాకుండా తింటున్నాడు. తల్లి మంచం అంచున కదలకుండా కూర్చుంది. ఆమె లేస్తే పరుపు ఊగుతుంది, పాప లేస్తుంది. తెర వెనక గాజు తలుపు, దాని అవతల బాల్కనీ, ఎదురుగా సముద్రం. ఆ దృశ్యం కోసమే అద్దె కాస్త ఎక్కువైనా ఈ గది తీసుకున్నారు. తెర తీస్తే మాత్రం బయటి దీపం పాప ముఖం మీద పడుతుంది.

నడక నేర్చిన పిల్లలతో బీచ్‌కి వెళ్లిన చాలా కుటుంబాలకు ఇలాంటి రాత్రి తెలుసు. అందుకే సంక్రాంతికో వేసవి సెలవులకో రిసార్ట్ వెతికేటప్పుడు చిన్న పిల్లలున్నవాళ్లు మామూలు గది దాటి సూట్ల వైపు చూస్తున్నారు. గదుల మీద జీఎస్టీ మారాక ఏది చవక, ఏది ఖరీదు అన్న లెక్క కూడా మారింది. అయితే సూట్ అన్న పేరున్న ప్రతిదీ పసిపిల్లలకు పనికిరాదు. కొన్నయితే మామూలు గది కన్నా ప్రమాదకరం.

తలుపున్న సూట్, తలుపు లేని సూట్

హోటల్ భాషలో సూట్ అంటే పడకతో పాటు కూర్చునే చోటు విడిగా ఉన్న బస. ఆ రెండింటినీ విడదీసేది గోడా, తెరా, లేక సోఫా వీపు మాత్రమేనా అన్నది ఒక్కో రిసార్ట్‌లో ఒక్కోలా ఉంటుంది. జూనియర్ సూట్ అనేది చాలాచోట్ల ఒకే పెద్ద గది. మంచానికి కాస్త దూరంలో సోఫా, టీపాయ్ వేసి ఉంటాయి. స్టూడియో అంటే మంచం, సోఫా, చిన్న వంట అర అన్నీ ఒకే గదిలో. వన్ బెడ్‌రూమ్ సూట్ అంటేనే సాధారణంగా పడకగదికి సొంత గోడలు, మూసుకునే తలుపు ఉంటాయి. ఫ్యామిలీ సూట్‌లో పిల్లల కోసం విడిగా చిన్న గది ఇచ్చే చోట్లున్నాయి, రెండంతస్తుల బంక్ మంచం ఒకటి మూల పెట్టి ఆ పేరు తగిలించే చోట్లూ ఉన్నాయి. ఆరేళ్ల లోపు పిల్లలను బంక్ పై అంతస్తులో పడుకోబెట్టకూడదు. కాబట్టి రెండేళ్ల బిడ్డకు ఆ మంచంలో కింది సగమే పనికొస్తుంది.

ఇలాంటి బసలు మొదట పిల్లల కోసం వచ్చినవి కావు. 1975లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, విచిటా నగరంలో జాక్ డీబోర్ అనే వ్యాపారి ‘రెసిడెన్స్ ఇన్’ పేరుతో వంటగదీ కూర్చునే చోటూ ఉన్న హోటల్ తెరిచారు. పని మీద వచ్చి వారాల తరబడి ఉండేవాళ్లు అక్కడి అతిథులు. 1987లో మారియట్ దాన్ని కొనుగోలు చేసింది. ఇల్లులాంటి హోటల్ గది అన్న ఆలోచన అలా ప్రపంచమంతా పాకి, ఆఫీసు పనిమీద వచ్చేవాళ్ల కన్నా పిల్లలున్నవాళ్లకే ఎక్కువ అక్కరకొచ్చింది.

ఎందుకన్నది పిల్లల నిద్ర లెక్క చూస్తే తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒకటి, రెండేళ్ల పిల్లలకు పగటి కునుకులు కలుపుకుని రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. మూడు, నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు. అంటే మూడు రోజుల విహారంలో ఒకటిన్నర రోజు బిడ్డ నిద్రలోనే ఉంటుంది. మధ్యాహ్నం ఎండ మండే వేళా, రాత్రి ఏడున్నర దాటాకా కుటుంబమంతా గదికి కట్టుబడాల్సిందే. ఆ గంటల్లో పెద్దవాళ్లు లైటు వేసుకుని, నాలుగు మాటలు చెప్పుకుని, వేడివేడిగా అన్నం తినగలగాలంటే మధ్యలో ఒక తలుపు ఉండాలి. సూట్‌కి చెల్లించే అదనపు డబ్బులో ఎక్కువ విలువ ఆ తలుపుదే. 900 చదరపు అడుగుల జూనియర్ సూట్ కన్నా 500 చదరపు అడుగుల తలుపున్న సూట్ పసిబిడ్డ ఉన్న ఇంటికి మేలు.

వెబ్‌సైట్‌లో బొమ్మలు చూసి ఈ సంగతి తేల్చుకోవడం కష్టం. ఫొటోలు వెడల్పు కటకంతో, తలుపులన్నీ తెరిచి తీస్తారు. రిసార్ట్‌కే ఫోన్ చేసి ‘పడకగదికి మూసుకునే తలుపు ఉందాండీ’ అని సూటిగా అడగాలి. ‘చాలా పెద్దదండీ, విశాలంగా ఉంటుంది’ అన్న జవాబు వస్తే తలుపు లేదనే అనుకోవచ్చు. గది ప్లాన్ బొమ్మ వాట్సాప్‌లో పంపమంటే చాలా రిసార్ట్‌లు పంపుతాయి.

అమ్మమ్మా తాతయ్యా వస్తే

తెలుగు కుటుంబాల విహారంలో తల్లిదండ్రులూ బిడ్డా మాత్రమే ఉండటం అరుదు. అమ్మమ్మో నాయనమ్మో వెంట ఉంటేనే బిడ్డతో ప్రయాణానికి ధైర్యం వస్తుంది. నలుగురు పెద్దలూ ఒక పసిబిడ్డా ఉన్నప్పుడు వన్ బెడ్‌రూమ్ సూట్‌లో పెద్దవాళ్లకు సోఫా కమ్ బెడ్డే దిక్కవుతుంది. మోకాళ్ల నొప్పులున్న తాతయ్యకు అది శిక్ష. అలాంటప్పుడు కనెక్టింగ్ గదులు సూట్ కన్నా బాగా పనిచేస్తాయి. రెండు గదులు, రెండు బాత్రూమ్‌లు, మధ్యలో లోపలి నుంచే తెరుచుకునే తలుపు. బిడ్డ ఒక గదిలో నిద్రపోతే పెద్దలంతా రెండో గదిలో చేరి, తలుపు ఓరగా ఉంచి కబుర్లు చెప్పుకోవచ్చు. తెల్లవారుజామున అయిదింటికే లేచే పాపను అమ్మమ్మ తన గదిలోకి తీసుకెళితే తల్లి మరో గంట పడుకుంటుంది.

బుకింగ్ దగ్గర ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. అడ్జాయినింగ్ గదులంటే పక్కపక్కన ఉన్నవి మాత్రమే, మధ్యలో తలుపు ఉండదు. కనెక్టింగ్ అన్న మాటే వాడాలి. ‘అవకాశాన్ని బట్టి’ ఇస్తామన్న హామీతో సరిపెట్టుకోకుండా ఆ గదులు ఖాయమైనట్టు ఈమెయిల్‌లో రాయించుకోవాలి. ఇలాంటి జంట గదులు ఏ రిసార్ట్‌లోనైనా కొన్నే ఉంటాయి. సెలవుల్లో ముందుగా నిండిపోయేవీ అవే.

డూప్లెక్స్ సూట్ గురించి ఒక్క మాట. కింద హాలు, పైన పడక, మధ్యలో చెక్క మెట్లు. ఫొటోలో చాలా ముచ్చటగా ఉంటుంది. మెట్లకు గేటు లేకపోతే తప్పటడుగుల బిడ్డ ఉన్నవాళ్లు దాన్ని వదిలేయడమే మంచిది.

> ఒకే అద్దె, రెండు పన్నులు
>
> హోటల్ బస మీద జీఎస్టీని ఒక్కో గదికి, ఒక్కో రాత్రికి లెక్కిస్తారు. రాత్రికి రూ.7,500 వరకు ఉన్న గదులపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ పైన 18 శాతమే కొనసాగుతోంది. రూ.12,000 అద్దె ఉన్న సూట్‌కి పన్ను రూ.2,160, మొత్తం రూ.14,160. అదే రూ.6,000 చొప్పున రెండు కనెక్టింగ్ గదులు తీసుకుంటే పన్ను రూ.600, మొత్తం రూ.12,600. రాత్రికి రూ.1,560 తేడా. నాలుగు రాత్రులుంటే రూ.6,240 మిగులుతుంది.

నీళ్లకు ఎంత దగ్గర?

బీచ్ రిసార్ట్‌లో గది ఎంత నీళ్ల దగ్గరుంటే అద్దె అంత ఎక్కువ. బిడ్డ ఉన్నప్పుడు ఈ లెక్క తిరగబడుతుంది. గాజు తలుపు జరిపితే నేరుగా స్విమ్మింగ్ పూల్‌లోకి దిగే గదులు, గడప దాటితే సొంత కొలను ఉన్న పూల్ విల్లాలు ఇప్పుడు ప్రకటనల్లో ఎక్కువగా కనిపిస్తున్నాయి. కొత్త జంటలకు అవి బాగుంటాయి. నడక వచ్చి, భయం ఇంకా రాని వయసు బిడ్డకు వాటికన్నా ప్రమాదమైన బస లేదు. పెట్టె సర్దుతూ పెద్దవాళ్లు అటు తిరిగిన అర నిమిషం చాలు. పూల్ విల్లా తప్పనిసరైతే కొలనుకు నాలుగువైపులా కంచె, దానంతటదే మూసుకునే గేటు, గాజు తలుపుకు పెద్దవాళ్లకే అందేంత ఎత్తులో గడియ ఉన్నాయేమో ముందే కనుక్కోవాలి. మన దగ్గర చాలా విల్లాల్లో ఇవి ఉండవు. లేవని చెబితే ఆ విల్లాను పక్కన పెట్టేయాలి.

> రెండు అంగుళాల నీళ్లు
>
> ప్రపంచవ్యాప్తంగా నీట మునిగి చనిపోయేవారి రేటు ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లోనే అత్యధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముక్కూ నోరూ మునిగే రెండు అంగుళాల నీళ్లు కూడా ప్రాణం తీయగలవు. మునుగుతున్న బిడ్డ అరవదు, చేతులు ఊపదు. దాదాపు చప్పుడే ఉండదు. కొలను చుట్టూ కనీసం నాలుగు అడుగుల ఎత్తు కంచె ఉండాలని, బిడ్డ నీళ్లలో ఉన్నంతసేపూ పెద్దవాళ్లు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలని అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ సూచన. గాలి నింపిన బొమ్మలు, చేతి పట్టీలు ప్రాణరక్షణ సాధనాలు కావు.

నేల అంతస్తుకు ఈ ప్రమాదముంటే పై అంతస్తుకు బాల్కనీ ప్రమాదముంది. రెయిలింగ్ కడ్డీల మధ్య నాలుగు అంగుళాలకు మించిన సందుంటే చిన్నపిల్లల ఒళ్లు అందులోంచి దూరుతుంది. అడ్డంగా అమర్చిన కడ్డీలు మెట్లుగా మారతాయి. కడ్డీలు నిలువుగానే ఉన్నా బాల్కనీలోని కుర్చీ ఎక్కితే పిట్టగోడ ఎత్తు సగమైపోతుంది. గదిలోకి వెళ్లగానే ఆ కుర్చీలు లోపలికి తెచ్చేసుకోవాలి. కొలనుకు దూరంగా, తోట వైపున్న నేల అంతస్తు సూట్ దొరికితే మెట్లు, లిఫ్టు, బాల్కనీ బెంగలన్నీ ఒకేసారి తీరిపోతాయి. దానికి సముద్రం కనిపించదు. అద్దె కూడా తక్కువే.

గది నుంచి ఇసుక దాకా ఉన్న దూరానికి ఒక చట్టబద్ధమైన కారణముంది. తీరప్రాంత నియంత్రణ మండలి నిబంధనలు మన దేశంలో 1991లో వచ్చాయి. 2011 నోటిఫికేషన్ ప్రకారం గ్రామీణ తీరంలో పోటు గీత నుంచి 200 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు వీల్లేదు. 2019లో వచ్చిన నోటిఫికేషన్ జనసాంద్రత ఎక్కువున్న గ్రామీణ ప్రాంతాల్లో దీన్ని 50 మీటర్లకు తగ్గించింది. అందుకే ప్రకటనలో ‘తీరం మీదే’ అన్న రిసార్ట్‌కీ అలలకూ మధ్య తోటో సరుగుడు చెట్లో ఉంటాయి. బిడ్డను చంకనెత్తుకుని, గొడుగూ సంచీ పట్టుకుని కాలే ఇసుకలో నడిచే తల్లికి ఆ 200 మీటర్లు ఎక్కువే అనిపిస్తుంది. అయినా చిన్న కాళ్లకూ అలలకూ మధ్య అంత జాగా ఉండటం మేలే.

ఏ తీరం, ఏ నెల

గదిని ఎంచుకున్నంత శ్రద్ధగా సముద్రాన్నీ ఎంచుకోవాలి. విశాఖ తీరం అందమైనదే కానీ నెమ్మదైనది కాదు. ఒడ్డు నుంచి లోపలికి లాగే రిప్ కరెంట్లు అక్కడ ఎక్కువ. రుషికొండ 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందింది. ఆ జెండా శుభ్రతకూ సౌకర్యాలకూ భద్రతా ఏర్పాట్లకూ ఇచ్చేది, అలల జోరును తగ్గించేది కాదు. అక్కడ పసిపిల్లల ఆట తడి ఇసుక దగ్గరే ఆగాలి. ఆ మాత్రం దానికే పిల్లలు గంటలు గంటలు మురిసిపోతారు. సూర్యలంక, చీరాల దగ్గరి వాడరేవు, రామాపురం తీరాలు గుంటూరు, విజయవాడ వాళ్లకు దగ్గర. హైదరాబాద్ నుంచి కారులో ఆరేడు గంటలు. అక్కడ కాటేజీలే ఎక్కువ. ఒకే కాటేజీలో రెండు గదులున్నది అడిగి తీసుకుంటే సూట్ చేసే పని అదే చేస్తుంది.

పిల్లలున్న తెలుగు కుటుంబాలు గోవా వెళితే దక్షిణ గోవా నయం. బెనౌలిం, వార్కా, కావెలోసిం వైపు పొడవాటి ఇసుక తీరం, తోటల మధ్య పెద్ద రిసార్ట్‌లు, ఉత్తరాన ఉన్నంత రాత్రి హోరు లేకపోవడం అనుకూలాలు. ఇంకా దక్షిణాన పాలోలెం నెలవంకలా వంగిన అఖాతం, అలలు తక్కువ. విమానం టికెట్ తీసేటప్పుడు ఒక సంగతి చూసుకోవాలి. 2023 జనవరి నుంచి గోవాకు రెండు విమానాశ్రయాలున్నాయి. దక్షిణ గోవాకు దబోలిం దగ్గర. ఉత్తరాన ఉన్న మోపాలో దిగితే బిడ్డతో అటూ ఇటుగా రెండు గంటల కారు ప్రయాణం తోడవుతుంది. టికెట్‌లో మిగిలిన డబ్బు ట్యాక్సీకే పోతుంది.

అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌కి ఓడ ఎక్కాలి. పెద్దాసుపత్రి రాజధాని శ్రీ విజయపురంలో ఉంటుంది, మళ్లీ ఓడ ఎక్కితేనే చేరేది. మాల్దీవుల్లో నీళ్ల మీద కట్టిన విల్లాల డెక్ నుంచి మెట్లు నేరుగా సముద్రంలోకి దిగుతాయి. చాలా రిసార్ట్‌లు చిన్నపిల్లలను వాటిలో ఉండనివ్వవు, లేదా బాధ్యత తల్లిదండ్రులదేనని సంతకం తీసుకుంటాయి. బిడ్డ ఉంటే ఇసుక మీది బీచ్ విల్లా తీసుకోవాలి. అక్కడి సీప్లేన్‌లు పగటిపూటే ఎగురుతాయి. సాయంత్రం మాలేలో దిగేవాళ్లు స్పీడ్‌బోట్‌లో చేరగలిగే రిసార్ట్ చూసుకోకపోతే ఆ రాత్రి మాలేలోనే గడపాలి.

నెలల సంగతికొస్తే, బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఎలా ఊపేసిందో ఆ ఊరు మరిచిపోలేదు. గోవాలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రంలో దిగొద్దని ఎర్రజెండాలు ఎగురుతాయి. అక్కడ 2008 నుంచి లైఫ్‌గార్డుల వ్యవస్థ ఉంది. వాళ్ల జెండాలను కచ్చితంగా పాటించాలి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు ఎక్కువగా ఉంటుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, ఉప్పెన అలల హెచ్చరికలు ఎప్పటికప్పుడు ఇస్తుంది. బయలుదేరే ముందు వాతావరణం చూసే అలవాటున్న ప్రతి ఒక్కరూ దీన్నీ చూడటం మంచిది.

పంచాంగం కూడా తిరగేయాలి. బీచ్ రిసార్ట్‌లు ఇప్పుడు పెళ్లి వేదికలు. మంచి ముహూర్తం ఉన్న రోజున సంగీత్ డీజే శబ్దం ఎంత మంచి సూట్ గోడలనైనా దాటుకుని వస్తుంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. బిడ్డ నిద్రవేళ మాత్రం పదికి రెండు గంటల ముందే వచ్చేస్తుంది. ‘ఆ తేదీల్లో పెళ్లిళ్లు బుక్ అయ్యాయా’ అని అడిగి, అయితే లాన్‌కి దూరంగా ఉన్న బ్లాక్ కోరుకోవాలి.

జావ, పప్పన్నం, పాలసీసా

రిసార్ట్ బఫే పిల్లల గడియారాన్ని పట్టించుకోదు. పొద్దున ఏడున్నరకు అల్పాహారం మొదలయ్యేసరికి బిడ్డ లేచి రెండు గంటలవుతుంది. రాత్రి భోజనం మొదలయ్యేసరికి నిద్రపోతుంది. ఈ రెండు అంతరాలను సూట్‌లోని చిన్న వంట అర పూడ్చగలదు. సర్వీస్ అపార్ట్‌మెంట్ తరహా సూట్‌లలో, టైమ్‌షేర్ క్లబ్బుల వన్ బెడ్‌రూమ్ బసల్లో ఇండక్షన్ పొయ్యి, మైక్రోవేవ్, గిన్నెలు ఉంటాయి. మిగతా రిసార్ట్‌లలో గదిలో వండుకోవడానికి ఒప్పుకోరు, ఇంటినుంచి తెచ్చిన రైస్ కుక్కర్ కూడా పెట్టనివ్వరు. కెటిల్ ఒక్కటే దొరుకుతుంది. దాంట్లో ఒకసారి నీళ్లు మరగబెట్టి పారబోశాక వాడుకుంటే ఉగ్గుకూ, కలుపుకునే రాగి జావకూ, పాలసీసా మరిగే నీళ్లతో కడగడానికీ సరిపోతుంది. కారం లేకుండా మెత్తగా పప్పన్నం కలిపి సాయంత్రం ఆరున్నరకే గదికి పంపమని వంటవాళ్లకు మధ్యాహ్నమే చెబితే కాదనేవాళ్లు తక్కువ.

గదిలోని మినీ ఫ్రిజ్‌ని ఇంట్లో ఫ్రిజ్‌లా నమ్మకూడదు. చాలావాటిలో సీసాలు చల్లబడతాయే కానీ పాలు నిల్వ ఉండేంత చలువ ఉండదు. పాలూ మందులూ రిసార్ట్ వంటగది ఫ్రిజ్‌లో పేరు రాసి పెట్టించుకోవచ్చు.

ఉయ్యాల లేని రాత్రి

మన ఇళ్లలో చాలామంది పిల్లలు చీర ఉయ్యాలలోనో, అమ్మ పక్కనో పడుకుంటారు. రిసార్ట్ గదిలో ఉయ్యాల కట్టే కొక్కెం ఉండదు. కర్టెన్ రాడ్‌కో బాల్కనీ కడ్డీకో కట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. ప్రయాణానికి పది రోజుల ముందు నుంచీ పగటి కునుకైనా పరుపు మీద అలవాటు చేస్తే కొత్తచోట ఏడుపు తగ్గుతుంది. హోటల్ ఇచ్చే బేబీ కాట్ తీసుకుంటే దాని కడ్డీల మధ్య సందు ఆరు సెంటీమీటర్లకు మించకూడదు. పరుపుకూ కాట్‌కూ మధ్య రెండు వేళ్లు పట్టేంత జాగా ఉన్నా అది సరైన పరుపు కాదు. ఒక పక్క కిందికి జారే పాతరకం కాట్‌లను అమెరికా 2011లో నిషేధించింది. పాత హోటళ్లలో అవి ఇంకా ఉంటే వద్దనాలి. పెద్ద మంచం మీదే పడుకోబెడితే, మంచం ఎత్తు తక్కువగా ఉండే గది కావాలని అడగాలి. మంచానికి బిగించే రక్షణ కడ్డీలు రెండేళ్లు నిండిన పిల్లలకే. అంతకన్నా చిన్నవాళ్లు వాటి సందులో ఇరుక్కోవచ్చు.

స్నానాలగదిలో బకెట్, మగ్గు అడిగితే తెచ్చిస్తారు. అడగకపోతే షవర్ కింద బిడ్డకు స్నానం ఓ యుద్ధమే. స్నానం అయిన వెంటనే బకెట్ బోర్లించేయాలి. హోటల్ వేడినీళ్లు ఇంటి గీజర్ కన్నా ఎక్కువ కాగి ఉంటాయి. పిల్లలకు 49 డిగ్రీల సెల్సియస్ దాటిన నీళ్లు ప్రమాదం. ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత వేణ్నీళ్లు కలిపి, మోచేత్తో చూసి పోయాలి.

పెట్టె విప్పే ముందు

గదిలోకి అడుగుపెట్టాక మొదటి పది నిమిషాలు చాలా విలువైనవి. బిడ్డను ఒకరు ఎత్తుకుని ఉండగా రెండోవాళ్లు పడకగది తలుపు నిజంగా మూసుకుంటుందా, లోపలి గొళ్లెం బిడ్డకు అందే ఎత్తులో ఉందా, గాజు తలుపు గడియ పడుతుందా, కనెక్టింగ్ తలుపు తాళం తెరిచి ఉంచారా అన్నవి చూడాలి. మంచం పక్క ప్లగ్గులు, కిందికి వేలాడే కర్టెన్ తాళ్లు, అంచులు వాడిగా ఉన్న గాజు టీపాయ్ కూడా కంట పడాలి. టీపాయ్ తీసేయమంటే హౌస్‌కీపింగ్ వాళ్లు తీసుకెళ్లిపోతారు. కార్డు స్లాట్‌లోంచి తీస్తే ఏసీ ఆగిపోయే గదుల్లో రెండో కార్డు తప్పనిసరి. లేకపోతే ఒకరు బయటికి వెళ్లినప్పుడల్లా నిద్రలో ఉన్న బిడ్డ చెమటతో లేస్తుంది. దగ్గరి పిల్లల వైద్యుడు ఎక్కడున్నారో, రాత్రి వేళ రిసార్ట్ వాహనం దొరుకుతుందో లేదో రిసెప్షన్‌లో అడిగి రాసుకోవాలి. వెబ్‌సైట్‌లో చూపిన గది వేరు, ఇచ్చిన గది వేరు అనిపిస్తే అప్పుడే కిందికి వెళ్లి చెప్పాలి. పెట్టెలు విప్పి, పిల్లల బట్టలు ఆరేసి, పాలసీసాలు కడిగి పెట్టుకున్నాక గది మార్చమనడం ఎంతో కష్టం. మంచం మీద దుప్పటి నలగకముందు అడిగితే చాలాచోట్ల మారుస్తారు.